క్రీడాకథలు మన మనస్సును ఏల ఆకర్షించును?

కథలయందు ఆసక్తి లేని బాలుడుగాని బాలికగాని ఉండరు. పూర్వము మన పల్లెలలో హరికథయు, బుఱ్ఱకథయు, తోలుబొమ్మలాటయు ఈ యాసక్తిని తీర్చుచుండెను. పిమ్మట సినిమా వచ్చినది. నేడు మన విద్యార్థులు ఇంటి టెలివిజనునందును, చేతిలోని ఫోనునందును చూచు కథలలో జపానుదేశపు బొమ్మల చిత్రములు ముఖ్యమైనవి. వీనికి అనిమే యని పేరు. అనిమేలయందు అనేక శాఖలు గలవు. మంత్రతంత్రముల కథలు కొన్ని, యుద్ధకథలు కొన్ని, నేరపరిశోధన కథలు కొన్ని, క్రీడాకథలు కొన్ని. ఈ కడపటి శాఖలో సాధారణముగా రాక్షసులుండరు, మాయాఖడ్గములుండవు, లోకమునకు ప్రళయము రాదు. ఒక పాఠశాల, ఒక బంతి, ఒక వల, పదిపండ్రెండుగురు పిల్లలు, ఇంతియే సామగ్రి. అయినను ఆ బంతి వలకు ఏ ప్రక్కన పడునో యని చూచువారు ఊపిరి బిగపట్టి కూర్చుందురు. తక్కిన శాఖలకు లేని గుణము దీనికేమి గలదు? ఈ ప్రశ్నను విచారించుటయే యిందు మా యుద్దేశము. గచ్చిబౌలి, మాదాపూరు, కొండాపూరు ప్రాంతముల పిల్లలు దీనికి సమాధానమును దూరదేశమున వెదుకబనిలేదు. అది వారి వీధుల నడుమనే యున్నది.

ముందుగా ఈ శాఖ పుట్టువును గూర్చి కొంత తెలిసికొందము. 1964లో టోక్యోనగరమున ఒలింపిక్కు క్రీడలు జరిగినవి. వాలీబాలును ఒలింపిక్కులలో చేర్చుటకు అదియే మొదలు. ఆ యేట జపాను స్త్రీల జట్టు బంగారు పతకమును గెలిచెను. దేశమంతట ఆటలపై ఉత్సాహము పెరిగినది. 1968లో క్యోజిన్ నో హోషి యను బేస్‌బాలు కథయు, 1969లో అటాక్ నంబర్ వన్ అను బాలికల వాలీబాలు కథయు టెలివిజనున మొదలైనవి. 1983లో కెప్టెన్ త్సుబాసా ఫుట్‌బాలును, 1993లో స్లామ్ డంక్ బాస్కెట్‌బాలును, 2014లో హైక్యూ వాలీబాలును ఇంటింటికి తెచ్చినవి. క్యోజిన్ నో హోషి కథయే బేస్‌బాలు విడిచి క్రికెట్టు పట్టి, సూరజ్ ద రైజింగ్ స్టార్ అను పేర 2012లో మన దేశపు హిందీ టెలివిజనునకు వచ్చెను. స్లామ్ డంక్ నుండి పుట్టిన చలనచిత్రము 2023లో మన సినిమాశాలలలో ప్రదర్శింపబడెను.

ఇందు మన పాఠశాల వంటి పాఠశాలలకు సంబంధించిన విశేషమొకటి గలదు. బాస్కెట్‌బాలును 1891లో జేమ్సు నెయిస్మిత్తును, వాలీబాలును 1895లో విలియము మోర్గనును అమెరికాలో కల్పించిరి. ఇరువురును వై.ఎం.సి.ఏ. సంఘమున వ్యాయామము నేర్పుచుండినవారే. ఆ సంఘము ద్వారానే ఈ యాటలు జపానుకును చేరినవి, మనకును చేరినవి. 1920లో హ్యారీ క్రో బక్కు మద్రాసులో వ్యాయామవిద్యకొఱకు స్థాపించిన కళాశాలలో చదివినవారు దక్షిణదేశపు పాఠశాలలలో ఈ యాటలను నాటిరి. కాబట్టి మన యావరణలో కట్టిన వలయు, హైక్యూ కథలోని వలయు ఒకే యింట పుట్టిన అక్కచెల్లెండ్రని చెప్పవచ్చును.

ఇక కారణములను చూతము. మొదటిది వరమునకును అభ్యాసమునకును గల భేదము.

మన జానపద కథలలో నాయకునకు బలము బయటినుండి వచ్చును. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమున తోటమాలి కొడుకైన రామునికి కోరిన దెల్ల నొసగు ప్రతిమ లభించును. 2008లో మన హైదరాబాదునందే పుట్టిన ఛోటా భీమ్ బొమ్మల కథలో భీముడు లడ్డు తినగానే పర్వతమంత బలవంతుడగును. ఇట్టి కథలు ఆనందదాయకములే. వానిని మేము నిందింపము. కాని కథ ముగిసిన పిమ్మట లడ్డు తిని చూచిన బాలునకు కడుపు నిండునేగాని కండలు పెరుగవు. క్రీడాకథ అట్టిది కాదు. స్లామ్ డంక్ నాయకుడైన సకురాగి కలహప్రియుడు. ఒక బాలిక మెప్పుకొఱకు బాస్కెట్‌బాలు జట్టున చేరును. అతనికి బంతి పట్టుట తెలియదు, నియమములు తెలియవు. కాబట్టి అతనిని మైదానపు మూలకు పంపి, వట్టి బంతిని నేలకు కొట్టుట మాత్రమే నేర్పుదురు. పిమ్మట వేసవి శిక్షణలో 20 వేల సారులు బంతిని బుట్టలోనికి విసరును. అతనితోబాటు ఆట తెలియని ప్రేక్షకుడును అంగుళమంగుళముగా ఆట నేర్చుకొనును. హైక్యూలోని హినాతా 163 సెంటీమీటర్లయినను లేని పొట్టివాడు. వాలీబాలు పొడగరుల యాట. అతని పొట్టితనమును ఏ దేవతయు మాన్పదు. ఎగురుట నేర్చుకొనును, ఎప్పుడు ఎగురవలెనో నేర్చుకొనును, బంతి నందించు సహాధ్యాయుని నమ్ముట నేర్చుకొనును. చూచువాడు, “నేనును ఇట్లు చేయవచ్చునుగదా” యని తలంచును. మాంత్రికుని చూచి ఎవడును అట్లు తలంపడు.

ఇది కథలలోని మాట మాత్రమే యందురా? గచ్చిబౌలికి పొండు. నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్సల పాలయ్యెను. ఆ మోకాటితోనే మఱల ఆడి, 2001 మార్చిలో చైనాదేశపు చెన్ హాంగును జయించి ఆల్ ఇంగ్లండు బిరుదును గెలిచెను. 1980లో ప్రకాశ్ పదుకోణె గెలిచిన తరువాత దానిని గెలిచిన భారతీయుడు అతడే. పిమ్మట ప్రభుత్వమిచ్చిన నేలపై, తన యింటిని సహితము కుదువబెట్టి, బ్యాడ్మింటన్ శిక్షణాలయమును కట్టించెను. అది 2008లో తెఱవబడెను. ఛోటా భీముడు లడ్డు తిన నారంభించిన సంవత్సరమును అదియే! ఒకే నగరము ఒకే యేట పిల్లలకు రెండు బలముల నిచ్చినది: ఒకటి చూచి నవ్వుటకు, ఒకటి తెల్లవాఱకమునుపే లేచి చెమటోడ్చుటకు. ఆ శిక్షణాలయమున పెరిగిన సైనా నెహ్వాల్ 2012లో లండను ఒలింపిక్కులలో కాంస్యపతకమును, పి. వి. సింధు 2016లో రియో ఒలింపిక్కులలో రజతపతకమును తెచ్చిరి. సింధు తల్లిదండ్రులిరువురును వాలీబాలు క్రీడాకారులు.

రెండవ కారణము శత్రువునకును ప్రత్యర్థికిని గల భేదము.

యుద్ధకథలో శత్రువు నశించిననేగాని కథ ముగియదు. క్రీడాకథలో ఎదుటివాడు నశించినచో ఆటయే లేదు. వాడు బలవంతుడగుకొలది మన నాయకుడును బలవంతుడగును. కాబట్టి ఉత్తమమైన క్రీడాకథలు ఎదిరి జట్టు పిల్లలకును పేర్లను, ఇండ్లను, ఆశలను ఇచ్చును. వారి వైపునుండియు ఆటను చూపును. వారోడిపోయిన దినమున, మన జట్టు గెలిచెనన్న సంతోషముతోడనే, వారికొఱకును కన్ను చెమర్చును. ఒకే క్షణమున రెండు పక్షములను ప్రేమింపజేయు కథలు తక్కిన శాఖలలో అరుదు. పల్నాటి వీరుల కథలో కోడిపందెము యుద్ధమునకు దారితీసినది. ఏలయన నది ఆట కాదు, పంతము. ఓడినవారికి అడవులును, గెలిచినవారికి గర్వమును మిగిలినవి. ఆట పంతమైనచో ఏమగునో మన తెలుగువారికి ఆ యొక్క కథయే చాలును.

పంతము కాని యాట ఎట్లుండునో రియో నగరమున 2016 ఆగస్టు 19వ తేదీన చూచితిమి. సింధు తుదిపోటీలో స్పెయినుదేశపు కరొలీనా మారిన్‌తో ఆడెను. మొదటి ఆటను 21-19తో గెలిచి, తక్కిన రెండింటిని 12-21, 15-21తో కోల్పోయెను. కడపటి పాయింటు ముగియగానే మారిన్ నేలపై వ్రాలి యేడ్చుచుండెను. ఓడిన సింధు వల దాటి వచ్చి ఆమెను కౌగిలించుకొనెను. ఏ చిత్రకారుడును గీయకయే ఆ దృశ్యము క్రీడాకథలలోని ఉత్తమ ఘట్టములతో సమానమైనది.

మూడవ కారణము కాలమును గూర్చినది. నేరపరిశోధన కథలో దొంగ యెవడో తెలిసిన పిమ్మట కుతూహలము తఱుగును. క్రీడాకథలో నియమములన్నియు మొదటనే తెలియును. దాచిన రహస్యమేదియు లేదు. అయినను చూడ చూడ ఉత్కంఠ పెరుగును. ఒక బంతి గాలిలో నున్నంతసేపు ఆటగాని మనస్సులో మెదలు భయమును, జ్ఞాపకమును, లెక్కను చిత్రకారుడు విడదీసి చూపును. ఒక నిమిషపు ఆటకు ఒక్కొక్కప్పుడు వారమునకు వచ్చు భాగమంతయు పట్టును. అసత్యమని కొందఱు నవ్వుదురు. కాని ఆడినవారిని అడుగుడు. ఆ క్షణము లోపలినుండి అంత పొడవుగనే యుండును. మైదానమున మనము శరీరమును మాత్రము చూచెదము. క్రీడాకథ మనస్సును గూడ చూపును.

దీనికిని మన యెదుట నిదర్శనము గలదు. 2017 ఆగస్టు 27వ తేదీన గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచపోటీల తుదియాటలో సింధుకు ఎదురు నిలిచినది జపానుదేశపు నొజోమి ఒకుహారా. ఆ యాట 110 నిమిషములు సాగినది. రెండవ ఆట కడపట ఒకే పాయింటుకొఱకు ఇద్దఱును 73 దెబ్బలు కొట్టిరి. 19-21, 22-20, 20-22. సింధు ఓడెను. ఫలితమేమో మనకందఱకును తెలియును. తెలిసియు ఆ యాటను మఱల చూచువారున్నారు. ఎవరు గెలిచిరో తెలిసికొనుటకొఱకే చూచుట యైనచో ఇట్లు చూడరు. ఇంతటి శ్రమను మానవులు ఎట్లు సహించిరో యని చూచెదరు.

నాల్గవ కారణము తక్కిన మూడింటికిని మూలము. అది ఓటమి.

మాయల కథలో నాయకుడు నిజముగా ఓడడు. ఓడినట్లు కనబడును, అంతే. క్రీడాకథలో ఓటమి నిజమైన ఓటమి. హైక్యూ నాయకుడు తన మొదటి పోటీలోనే ఓడును. ఉన్నతపాఠశాలలో చేరిన పిమ్మట ఓడును. దేశస్థాయి పోటీలలో జ్వరము వచ్చి ఆట నడుమనే వెలుపలికి పోవలసివచ్చును, జట్టు ఓడును. స్లామ్ డంక్ కథలో షోహోకు జట్టు దేశమునందెల్ల మేటియైన జట్టును గెలిచి, ఆ వెంటనే మఱుసటి పోటీలో దారుణముగా ఓడును. అంతటితో కథ ముగియును. రచయిత కలమును ఎవరు పట్టిరి? గెలిపింపవచ్చునుగదా! గెలిపింపకపోవుటచేతనే ఆ కథ ఇన్ని యేండ్లు నిలిచినది. ఓడిన మఱునాడు ఆ పిల్లలు ఏమి చేసిరన్నదే అసలు ప్రశ్న. వారు మైదానమునకు వచ్చిరి.

సింధు జీవితమును ఈ ప్రశ్నతో చదువుడు. 2016లో ఒలింపిక్కు తుదిపోటీలో ఓటమి. 2017లో గ్లాస్గోలో ఓటమి. 2018లో నాంజింగు నగరమున మఱల మారిన్ చేతిలో ఓటమి. తుదిపోటీలలో ఆమె గెలువజాలదని పలువురు పలికిరి. 2019 ఆగస్టు 25వ తేదీన బాసెల్ నగరమున అదే ఒకుహారా ఎదుట నిలిచెను. ఈ సారి ఆట 38 నిమిషములలో ముగిసినది: 21-7, 21-7. బ్యాడ్మింటనున ప్రపంచ విజేతయైన మొదటి భారతీయురాలు, మొదటి భారతీయ క్రీడాకారిణియే గాదు, స్త్రీపురుషులలో మొదటి విజేతయును ఆమెయే. 110 నిమిషముల ఓటమి లేనిదే 38 నిమిషముల గెలుపు లేదని మా నమ్మకము. 2021లో టోక్యో క్రీడలలో ఉపాంత్యపోటీలో ఓడిన మఱునాడే మఱల ఆడి కాంస్యపతకమును గెలిచెను. ఏడ్చుటకు ఒక్క రాత్రియే గడువు!

ఇక ఈ కథలు మన ప్రాంతపు యువజనులకు ఇంత దగ్గఱ యగుటకు వేఱొక హేతువును గలదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభింపబడిన నాటినుండి ఈ రాళ్లగుట్టల నడుమ కొత్త నగరము లేచినది. జిల్లాలనుండియు, ఇతర రాష్ట్రములనుండియు కుటుంబములు వచ్చి చేరినవి. పెద్దలు చేయు పని కంప్యూటరు తెఱపై జరుగును. ఒక్కొక్కరు చేయునది పెద్ద పనిలో చిన్న ముక్క. దాని కడపటి రూపము చేసినవానికి కనబడుట అరుదు. పిల్లల పనియు అట్టిదే. ప్రవేశపరీక్షలో లక్షలమంది వ్రాయుదురు. ఎదుటివాని ముఖము తెలియదు. గెలిచినవానితో చేయి కలుపుటకు వీలులేదు. ఓడినవానిని కౌగిలించుకొనుటకు వల దాటి ఎవరును రారు. ఫలితము ఒక అంకెగా ఒంటరి గదిలోనికి వచ్చును. అట్టి పిల్లలు క్రీడాకథలను చూచి పొందునది వట్టి వినోదము కాదు. ప్రయత్నము కంటికి కనబడు లోకమును, ఓడినను ప్రక్కన జట్టుండు లోకమును వారందు చూచుచున్నారు. ఈ యాకలిని పెద్దలు గుర్తింపవలెను.

ఈ కథలలో దోషములు లేవా? కలవు. మొదటిది, శ్రమించిన ప్రతివాడును మేటియగునన్న భ్రమ. శిక్షణాలయమున చేరిన వందలమందిలో పతకము తెచ్చువారు ఒకరిద్దఱే. తక్కినవారి శ్రమయు శ్రమయే, దానిని వృథాయనరాదు. రెండవది, పెద్దల బలవంతమును గొప్పగా చూపుట. క్యోజిన్ నో హోషిలో తండ్రి కుమారుని శరీరమునకు ఇనుప స్ప్రింగులు కట్టి శిక్షించును. అది సాధన కాదు, హింస. హైక్యూ కథలో జ్వరముతో నున్న బాలుని ఉపాధ్యాయుడు ఆపును. ఆరోగ్యమును కాపాడుకొనుటయు ఆటలో భాగమేయని బోధించును. 1968 నాటి కథకును ఈ కాలపు కథకును నడుమ ఇంత మార్పు వచ్చుట సంతోషకరము. మూడవ దోషము కథది కాదు, చూచువానిది. నూఱు భాగములు చూచినను కాలు నేలనుండి అంగుళము లేవదు. చూచుట ఆడుట కాదు.

కావున విద్యార్థులారా, మీరు చూచినవానినుండి ఒక్క ఆటనైనను మైదానమునకు దింపుడు. షటిలో, వాలీబాలో, కబడ్డీయో, ఏదైనను సరే. ఆట ముగిసిన పిమ్మట ఎదిరి జట్టు దగ్గఱకు మొదట మీరే నడువుడు. గెలిచిన దినముకంటె ఓడిన మఱునాడు ఉదయమున మీరు ఎచ్చట నున్నారో చూచుకొనుడు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మీ పిల్లవాడు ఆటలోగాని పరీక్షలోగాని ఓడి యింటికి వచ్చిన దినమున, “ఎన్ని వచ్చినవి? ప్రక్కవానికి ఎన్ని?” యని అడుగకుడు. ముందు అన్నము పెట్టుడు. ప్రక్కన కూర్చుండుడు. ఓడినవానికి జట్టు కావలెను. ఆ జట్టు బొమ్మల కథలో మాత్రమే దొరకి, ఇంటిలో దొరకనిచో ఆ లోపము కథది కాదు, పిల్లవానిది కాదు.